తాడు కట్టాక రాయి

ధర్మపురి



ప్రైమరీ పిల్లలకు వాలీబాల్ ఎలా నేర్పాలని అడిగావు. చిన్న పనేం కాదమ్మా. మన తెలుగువాడు అరికపూడి రమణారావు గారికి 1990లో ద్రోణాచార్య అవార్డు వచ్చింది ఈ ఆట నేర్పినందుకే. మన ఊరి ఎండ నీకు తెలుసు కాబట్టి పొద్దున్నే అరగంట చాలు. ముందురోజే గ్రౌండులో రాళ్లు ఏరించు.

నా తప్పు నువ్వు చేయకు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాలుగో తరగతి పిల్లల్ని మగవాళ్ల నెట్ కింద నిలబెట్టి స్మాష్ నేర్పబోయాను. ఆ నెట్ ఎత్తు 2.43 మీటర్లు! బంతి తగిలి ఒక పాప చిటికెనవేలు వాచిపోయింది. ఆ పిల్ల మళ్లీ గ్రౌండు మొహం చూడలేదు.

అందుకని నెట్ జోలికి పోకు. 18 మీటర్ల కోర్టుకు నడిమధ్యన, పొడుగునా తాడు కట్టు. పిల్లలు చెయ్యెత్తితే అందాలి. మధ్యలో జారితే ఒక కర్ర పాతు. ఇటు నాలుగున్నర, అటు నాలుగున్నర మీటర్లు వస్తుంది. సున్నంతో మూడు అడ్డగీతలు గీస్తే నాలుగు చిన్న కోర్టులు. ముగ్గురికి ముగ్గురు చొప్పున 24 మంది ఒకేసారి ఆడతారు. పెద్ద కోర్టయితే 12 మందికే ఆట, తక్కినవాళ్లు బంతులు తెచ్చిపెట్టేవాళ్లు. అసలు బంతి 260 గ్రాములకు తగ్గదు, లేత చేతులకు దెబ్బే. తేలికైన రబ్బరు బంతి కొను.

మొదటి వారం పట్టుకుని విసరడమే. తర్వాత పాస్: మోకాళ్లు వంచి, చేతులు చాపి, మణికట్టుకు కాస్త పైన బంతి పడనివ్వాలి. చేతులు ఊపారా, బంతి మామిడిచెట్టెక్కుతుంది. సర్వీసు కింది నుంచే. తాడు దగ్గర మొదలుపెట్టి రోజుకో అడుగు వెనక్కి జరుపు.

ఎత్తుగడలంటావా, ఈ వయసుకు రెండే. బంతి వస్తుంటే "నాది" అని అరవడం ఒకటి. తమిళం మాట్లాడే పిల్లలు "ఎన్నోడదు" అన్నా సరే, నోరు మెదపకుండా ఇద్దరూ గుద్దుకుంటేనే తంటా. అవతల ఖాళీ ఎక్కడుందో చూసి అక్కడ వేయడం రెండోది.

రొటేషన్, అంటే వరసగా చోట్లు మారడం, మాత్రం వదలకు. పొడుగు కుర్రాడు తాడు దగ్గరే పాతుకుపోతాడు. గెలుపు కోసం వాణ్ణి అక్కడే ఉంచమని పెద్దవాళ్లూ చెబుతారు, వినకు. బలమున్నవాళ్లకే కాదు ఈ ఆట; 1895లో మోర్గాన్ అనే ఆయన దీన్ని కనిపెట్టిందే బాస్కెట్‌బాల్ తోపులాట తట్టుకోలేనివాళ్ల కోసం.

తాడు కట్టిన వారానికి ఉత్తరం రాయి. ఎవరు గెలిచారో అక్కర్లేదు. వెనక మూల నిలబడే పిల్ల ఎన్నిసార్లు బంతి ముట్టిందో లెక్కపెట్టి రాయి.

మీ మామ