పాడి ఇంటి పెరట్లో అసిల్ కోడి

మన పాల సంఘాల సభ్యులలో కోడి లేని ఇల్లు అరుదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలలో ఏ ఊరికి వెళ్లినా కొట్టంలో బర్రె, గోడవార కోడిగంప కనిపించవలసినదే. పాల బిల్లు సంఘం పుస్తకంలో ఎవరి పేరున ఉన్నా, గుడ్లు, పుంజులు అమ్మిన డబ్బు మాత్రం చాలా ఇళ్లలో ఇల్లాలి చేతిలోనే ఉంటుంది. పిల్లల పుస్తకాలకు, జ్వరానికి మందుకు అక్కరకు వచ్చేది అదే. అందుచేత ఈ సంచికలో మేము కోడిని గురించి, అందులోనూ మన దేశపు జాతి కోడియైన అసిల్‌ను గురించి వ్రాస్తున్నాము.

‘అసిల్’ అనే పేరు అరబ్బీ నుంచి వచ్చినది. మనం రోజూ వాడే ‘అసలు’ అనే మాట కూడా ఆ మూలం నుంచి పుట్టినదే. ఆంధ్రప్రదేశ్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ ప్రాంతాలు ఈ జాతికి పుట్టిల్లు. నిటారైన నిలువు, పొడుగాటి మెడ, బలమైన కాళ్లు, ఒంటికి అంటుకుని ఉండే బిరుసు ఈకలు, తల మీద మూడు వరుసల గింజల్లా అణిగి ఉండే చిన్న తురాయి దీని గుర్తులు. ఎదిగిన పుంజు నాలుగైదు కిలోలు, పెట్ట మూడు కిలోల పైన తూగుతుంది. రంగును బట్టి ఎర్రదానిని డేగ అని, నల్లదానిని కాకి అని, తెల్లదానిని సేతువ అని మనవారు పిలుస్తారు.

గుడ్ల లెక్కలో మాత్రం ఇది వెనుకబడినదే. ఫారం కోడి ఏడాదికి మూడు వందల గుడ్లు పెడితే అసిల్ పెట్ట వంద కూడా పెట్టదు. కాని ఫారం కోడి పొదగదు, పిల్లలను సాకదు, మేతను సంచిలో కొని పోయవలెను. అసిల్ పెట్ట తన గుడ్లు తానే పొదిగి, పేడకుప్పలో పురుగును తానే వెదకి, గద్ద దిగితే ఎదురు నిలిచి పోరాడుతుంది. పొదిగే పనికీ, బర్రె పాలిచ్చే చోటుకూ మన భాషలో ఒకే మాట ‘పొదుగు’ ఉన్నది. ఇది ఎట్లు కలిసినదో పండితులు చెప్పవలెను గాని, పాడి రైతుకు మాత్రం వినసొంపుగానే ఉంటుంది.

దీని స్వభావం తెలిస్తే పెంపకం సులువు, వేడుక కూడా. సాటి కోడితో ఎంత జగడమో మనిషితో అంత సాధువు. చిన్ననాటి నుంచి చేతితో గింజలు వేసినవారిని గుర్తు పట్టి వెంట తిరుగుతుంది. కొట్టం ముందు కాసేపు కూర్చుంటే గమనించవచ్చును: మంచి మేత దొరికితే పుంజు తాను మింగక ముక్కుతో ఎత్తి, వదలి, ఒక విధమైన పిలుపుతో పెట్టలను పిలుస్తుంది. ఆకాశాన గద్ద కనబడితే ఒక కేక, నేల మీద కుక్కో పిల్లో వస్తే మరో కేక. గుడ్డులోని పిల్ల పగిలి బయటికి రాకముందే తల్లితో మాట కలుపుతుంది. గుంపులో ఎవరు ముందు, ఎవరు వెనుక అనే వరుస ఉంటుందని నార్వే దేశస్థుడు షెల్డరుప్-ఎబ్బె దాదాపు వంద ఏళ్ల క్రితమే వ్రాసినాడు. తెల్లవారుజామున ముందుగా కూసేది పెద్ద పుంజేననీ, తక్కినవి వరుస తప్పక తరువాత కూస్తాయనీ 2015లో జపాను శాస్త్రజ్ఞులు తేల్చినారు. పాలు పితకడానికి లేచే మన అక్కలకు ఆ కూత కొత్త కాదు.

ఈ జగడగొండి గుణం వల్ల కొన్ని జాగ్రత్తలు తప్పవు. అసిల్ పిల్లలు కొద్ది వారాల వయసులోనే ఒకదానినొకటి పొడుచుకుంటాయి. పుంజుపిల్లలను వేరు చేయవలెను. ఇద్దరు తల్లుల పిల్లలను ఒకే గంప క్రింద మూయరాదు. ఎనిమిది, పది పెట్టలకు ఒక పుంజు చాలును. పందేల మాట వేరే చెప్పనక్కరలేదు. జంతుహింసను 1960 నాటి చట్టం, జూదాన్ని 1974 నాటి రాష్ట్ర చట్టం నిషేధించినవి. కత్తి కట్టి చంపుకునే పుంజుకంటే పది పెట్టలను కాచే పుంజు విలువ మాకు ఎక్కువగా తోస్తుంది.

పొదగేయడానికి పది పన్నెండు గుడ్లు చాలు. వారం దాటిన గుడ్లు పనికిరావు. ఎండాకాలంలో మూడు నాలుగు రోజులకే చెడిపోతాయి. గంపలో వరిపొట్టు, పైన కొంచెం బూడిద పోస్తే పేలు తగ్గుతాయి. ఏడవ రోజు రాత్రి టార్చి వెలుగులో చూసి నరాలు కనిపించని గుడ్లను తీసివేయవలెను. ఇరవై ఒకటవ రోజుకు పిల్లలు వస్తాయి. మన ఏప్రిల్, మే ఎండలలో పొదగేయకుండుట మేలు. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పడమే దాని దారి. నీడన మట్టి మూకుళ్లలో నీరు రోజుకు మూడుసార్లు మార్చవలెను.

ఇక మేత. కొర్ర, జొన్న, సజ్జ ఏదైనా సరే, బూజు పట్టిన వేరుశనగ చెక్క మాత్రం వద్దు. 1960లో ఇంగ్లాండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చినవి. కారణం బ్రెజిలు నుంచి వచ్చిన బూజు చెక్క. ఆ విషమే అఫ్లటాక్సిన్. అది కోడి కాలేయాన్ని తింటుంది. బర్రె తింటే పాలలోకి దిగుతుంది. తడిసిన చెక్కను ‘కోళ్లకు వేస్తాములే’ అనుకునేవారు దీనిని గుర్తుంచుకోవలెను.

అలాగే కోళ్లను గాడిలో, గడ్డివామిలో పడుకోనివ్వరాదు. రెట్ట మేతలో కలుస్తుంది. చచ్చిన కోడి వామిలో చిక్కుకుంటే అంతకంటే ప్రమాదం: కుళ్లిన కళేబరంలో పుట్టే బొటులిజం విషం పశువు కాళ్లు చచ్చుబడేటట్లు చేసి చంపుతుంది. చచ్చిన కోడిని లోతుగా గుంట తీసి, సున్నం చల్లి పూడ్చవలెను. పాలు పితికే వేళకు కోళ్లు కొట్టం బయటనే ఉండవలెను.

అన్నిటికంటె పెద్ద గండం కొక్కెర తెగులు. ఆకుపచ్చ విరేచనం, రొప్పు, మెడ వంకర. మూడు నాలుగు రోజులలో గంప ఖాళీ. దీనికి మందు లేదు, టీకా ఉన్నది. ఐదు నుంచి ఏడు రోజుల వయసులో లసోటా లేక ఎఫ్ రకం టీకా కంటిలో ఒక చుక్క, ఎనిమిదవ వారంలో ఆర్.టు.బి. రెక్క క్రింద సూదిగా అర మిల్లీలీటరు. చిక్కు ఎక్కడంటే, టీకా సీసాలు వంద అంతకు మించిన మోతాదులకు వస్తాయి, ఎప్పుడూ చల్లగా ఉండవలెను, కలిపిన తరువాత రెండు గంటలలో వాడవలెను. పది కోళ్లున్న ఇల్లు సీసా తెరిస్తే తొంభై మోతాదులు పారబోసినట్లే.

ఇక్కడనే పాల సంఘం ఉపయోగపడుతుంది. తెల్లవారకముందే ఊరంతా క్యాను పట్టుకుని ఒకచోట చేరేది మన సంఘం దగ్గరే. సంఘ కార్యదర్శి కోళ్ల లెక్క వ్రాసుకుని, ఒక రోజు నిర్ణయించి, పశువైద్యశాల నుంచి ఐసు డబ్బాలో టీకా తెప్పిస్తే, పాలు పోసే వేళ దాటకముందే ఊరి కోళ్లన్నిటికీ వేయవచ్చును. ముందు రోజు రాత్రే కోళ్లను గంపల క్రింద మూసి ఉంచవలెను. సందేహాలకు ప్రొద్దుటూరులో 2008లో వెలసిన పశువైద్య కళాశాల దగ్గరలోనే ఉన్నది. పుంజును రెండేళ్లకొకసారి పక్క ఊరి సంఘంతో మార్చుకోవడం కూడా ఆ రోజునే పెట్టుకోవచ్చును.