కుక్కలు మొరుగుటేల?

పిల్లలు బడిలో తఱచుగా అడుగు ప్రశ్నలలో "కుక్కలు ఎందుకు మొరుగును?" అనునది యొకటి. వినుటకు చిన్న ప్రశ్నయే. కాని బడికి నడచి వచ్చు బాలునికి త్రోవలో కుక్క యెదురైనపుడు దీని సమాధానము తెలిసియుండుట గొప్ప రక్షణ. కావున ఈ విషయమునుగూర్చి శాస్త్రజ్ఞులు కనుగొనిన సంగతులను తల్లిదండ్రులకు తెలుపదలచితిమి.

"మొరిగే కుక్క కరవదు" అని మన సామెత. కన్నడమున "బొగళువ నాయి కచ్చువుదిల్ల" అనియు, తమిళమున "కురైక్కిఱ నాయ్ కడిక్కాదు" అనియు ఇదే మాట కలదు. ఇంట నొక భాషలోను, వీధిలో మఱియొక భాషలోను దీనినే వినుచు పెరుగు మన పిల్లలు ఇది సత్యమని నమ్ముట సహజము. బెదిరింపుమాటలాడు మనుష్యులకు ఈ సామెత చెల్లవచ్చును గాని, నిజమైన కుక్క యెదుట దీనిని నమ్మరాదు. ఏల నమ్మరాదో తెలియవలెనన్న, మొరుగుట యన నేమో ముందుగా తెలియవలెను.

తోడేలును, కుక్కయు

కుక్క తోడేలి సంతతి. మనుష్యుడు దానిని చేరదీసి పదునాలుగు వేల యేండ్లకు తక్కువ కాలేదు. తోడేళ్లును మొరుగును గాని, అరుదుగా మొరుగును. తమ గుహయొద్దకు పరజంతువు వచ్చినపుడు పెద్ద తోడేలు కొద్దిగా మొరిగి తన గుంపును హెచ్చరించును. తోడేలి పిల్లలు పెద్దవానికంటె నెక్కువగా మొరుగును. కుక్కయో, పెరిగి పెద్దదైన పిమ్మటగూడ, ఆటలోను, భయములోను, ఆశలోను, ఒంటరితనములోను మొరుగుచునే యుండును.

ఈ మార్పునకు కారణ మూహించుటకు ఒక పరిశోధన తోడ్పడుచున్నది. 1959లో నాటి సోవియట్ దేశమున, సైబీరియాలోని నోవోసిబిర్స్కులో, ద్మిత్రీ బెల్యాయెవ్ అను జన్యుశాస్త్రవేత్త వెండినక్కలను పెంపసాగెను. ప్రతి తరమునను మనుష్యునికి బెదరక, కరవక యుండు నక్కలనే యెంచి, వాని సంతతినే పెంచెను. కంఠధ్వనినిబట్టి యెంచలేదు. అయినను కొన్ని తరములకే అవి మనుష్యుని జూచి తోక లాడించుచు, కుయ్యికుయ్యి మనసాగెను. ఆయన 1985లో మరణించిన తరువాత సహోద్యోగిని ల్యుద్మీలా త్రూత్ ఆ పని కొనసాగించెను. సాధుగుణమునకై యెంచినచో అరపుగూడ మారునని దీనివలన తేలినది. కుక్క విషయమునను ఇట్లే జరిగియుండునని పలువురు శాస్త్రజ్ఞుల తలంపు.

రెండు తలపుల నడుమ

2009లో అమెరికా శాస్త్రజ్ఞురాలు కాథ్రిన్ లార్డ్, ఆమె సహచరులు మొరుగుటకు ఒక వివరణ నిచ్చిరి. వారి మతమున, మొరుగుట రెండు తలపుల నడుమ చిక్కిన జంతువు చేయు ధ్వని. అపరిచితుడు సమీపించినపుడు పారిపోవలెనని యొక తలపు. పిల్లలను, తిండిని, తన చోటును విడువరాదని మఱియొక తలపు. గూటియొద్దకు పిల్లి వచ్చినపుడు కాకులు గుమిగూడి అరచుటయు ఈ కోవలోనిదే. గొలుసుతో కట్టబడిన కుక్క పారిపోవనులేదు, పైబడనులేదు. కావున అది గొంతు చించుకొని మొరుగుటలో వింత లేదు.

దీనినిబట్టి మన సామెతలోని నిజమెంతయో తెలియును. మొరుగుచున్న కుక్క ఇంకను ఒక నిశ్చయమునకు రాలేదు. "దూరముగా పొమ్ము" అని చెప్పుచున్నది. ఆ మాట విని తొలగినవానిని చాలవఱకు విడిచిపెట్టును. వినక ముందునకు పోయినను, ఱాయి విసరినను, వెనుదిరిగి పరుగెత్తినను, కరవవచ్చును. మొరుగుట చాలించి ఒడలు బిగబట్టి తేఱిపార జూచు కుక్క అంతకంటెను ప్రమాదము. కొన్ని కుక్కలు మొరుగకయే కరచును.

ధ్వనిభేదములు

హంగేరీ రాజధాని బుడాపెస్టులో పీటర్ పోంగ్రాట్స్ మొదలగు పరిశోధకులు 'ముడి' అను గొఱ్ఱెలకాపు కుక్కల అరపులను రికార్డు చేసి మనుష్యులకు వినిపించిరి. 2005లో ప్రకటించిన ఆ ఫలితములనుబట్టి, కుక్కను పెంచినవారేగాక పెంచనివారుగూడ ఆ కుక్క యే సందర్భమున మొరిగినదో చాలవఱకు పోల్చుకొనగలిగిరి. బొంగురుగొంతుతో వెంటవెంటనే వచ్చు అరపును కోపముగాను, సన్నని గొంతుతో ఆగి ఆగి వచ్చుదానిని భయముగా, దిగులుగాను వారు గ్రహించిరి.

ఈ భేదములకు మన తెలుగున చక్కని మాటలున్నవి: మొరుగుట, గుర్రుమనుట, కుయ్యిమనుట, ఊళవేయుట. తమిళమున 'ఊళై', కన్నడమున 'ఊళిడు' అనునవి మన 'ఊళ'కు చుట్టములే. ఇంట పిల్లలకు ఈ మాటలు నేర్పినచో, మాటతోపాటు దానికి తగిన ధ్వనిని వేఱుగా వినుటయు వారికి అలవడును.

ఊళవేయుట అరిష్టమని మనలో కొందఱు భయపడుదురు. అది తోడేలినుండి వచ్చిన అలవాటు. దూరముననున్న తోటివానిని పిలుచు పిలుపు. రాత్రివేళ ఏమియు లేకయే మొరుగుచున్నదని మనకు తోచుటకును కారణము కలదు. మన చెవి సెకండునకు 20,000 కంపనములవఱకు విన, కుక్క చెవి సుమారు 45,000వఱకు వినును. మనకు వినబడని అలికిడి దానికి వినబడును. ఒకటి యందుకొన్న వీధిలోనివన్నియు అందుకొనును.

పిల్లలకు నేర్పవలసినవి

చెవి కొంత తెలిపినను, చిన్నపిల్లల కన్ను వారిని మోసగించును. ఇంగ్లండులోని లింకన్ విశ్వవిద్యాలయమువారు 2018లో ప్రకటించిన పరిశోధనలో, కోపముతో పండ్లు చూపు కుక్కను జూచి సంతోషముగా నున్నదని పొరబడిన చిన్నపిల్లలు పలువురు. నేర్పిన పిమ్మట వారు మేలుగా గుర్తింపగలిగిరి. కావున ఇంట ఈ క్రింది సంగతులను నేర్పుడు.

1. కుక్క మొరిగినపుడు పరుగెత్తరాదు, కేకలు వేయరాదు. చెట్టువలె నిలిచి, చేతులు దగ్గరగా నుంచుకొని, దాని కన్నులలోనికి చూడక, మెల్లగా తొలగవలెను.
2. తినుచున్న, నిద్రించుచున్న, పిల్లలకు పాలిచ్చుచున్న కుక్కను సమీపింపరాదు.
3. కట్టివేసిన కుక్కను ఏడిపింపరాదు, ఱాళ్లు రువ్వరాదు.
4. క్రింద పడినచో ముడుచుకొని, చేతులతో మెడను, చెవులను కప్పుకొనవలెను.
5. గోరు గీచినను, పన్ను నాటినను, ఇంట వెంటనే చెప్పవలెను.

ఈ అయిదవది పిల్లలకంటె పెద్దలకు ముఖ్యము. తిట్లకు వెఱచి పిల్లలు కాటును దాచుదురు. పిచ్చికుక్క యని అనుమానమున్న జంతువుల కాటునకు గుఱియైనవారిలో నూటికి 40 మంది 15 ఏండ్లలోపువారని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. వ్యాధి లక్షణములు కనబడిన పిమ్మట బ్రదుకుట దుర్లభము. ముందుగా మందు పడినచో మరణమును తప్పింపవచ్చును. గాయమును సబ్బుతో, ధారగా నీటితో 15 నిమిషములు కడిగి, వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. కారము, సున్నము, పసుపు పూయరాదు. కుక్క బాగుగనే యున్నది గదా యని సూదిమందును ఆపరాదు.

బొడ్డుచుట్టు పదునాలుగు సూదులని భయపడు పెద్దలు ఇప్పటికిని గలరు. ఆ పాత మందును మన దేశమున 2005 నాటికే మానివేసిరి. ఇప్పుడు చేతికి కొన్ని సూదులే వేయుదురు. చెప్పిన తేదీలలో అన్నియు పూర్తిచేయించుట అవసరము. 1885లో పాశ్చర్ ఈ టీకాను మొదట ప్రయోగించినది తొమ్మిదేండ్ల బాలునికే. ఆ బాలుడు బ్రదికెను. తమిళనాడులోని కూనూరులో 1907 నుండియు పాశ్చర్ సంస్థ యున్నది.

ఇంట పిల్లల నడుగవలసిన ప్రశ్నలు

మన వీధి కుక్క నిన్న ఏయే వేళల మొరిగినది? ఎవరిని జూచి? గొంతు లావుగా నుండెనా, సన్నగా నుండెనా? తోక ఎట్లుండెను? అది ఏమి చెప్పదలచినది?

ఈ ప్రశ్నలకు పిల్లలు తెలుగులో సమాధానము చెప్పునట్లు చేసినచో రెండు లాభములు: భాషయు పెరుగును, పరిశీలనయు పెరుగును. కుక్క తన మాటను తాను చెప్పుచునే యున్నది. ఆ హెచ్చరికను విని ప్రక్కకు తొలగు తెలివిని పిల్లలకు నేర్పుట మన పని.