చెయ్యి ఆపండి, ఆకు చూడండి

ఆకు పసుపు తిరిగిందంటే చాలు, మన డెల్టాలో ముందు వినిపించే మాట "గుప్పెడు యూరియా చల్లండి, అదే కోలుకుంటుంది" అని. వరిచేల గట్ల మీద పుట్టిన సలహా అది. అక్కడ చాలాసార్లు పనిచేస్తుంది కూడా, కాబట్టి దాన్ని తప్పు పట్టలేం. చిక్కల్లా అది చేను దాటి డాబా ఎక్కడంతోనే. కడియం నర్సరీలకు వెళ్లినవాళ్లు మోజుపడి తెచ్చుకునే మిరాకిల్ ఫ్రూట్ మొక్కకు ఆ గుప్పెడు పడిందా, ముందు ఆకు కొసలు మాడతాయి, తర్వాత ఆకులు రాలతాయి, ఆఖరికి కుండీలో ఒక పుల్ల మిగులుతుంది. "ఎంత చేశాం దానికి!" అని ఇంటిల్లిపాదీ వాపోతారు. నిజమే, చేసినందుకే పోయింది.

శ్రద్ధ అంటే ఏదో ఒకటి చెయ్యడమని మనకో గట్టి నమ్మకం. చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డవాణ్ణి పట్టించుకోనివాడి కింద జమకడతాం. ఈ పడమటి ఆఫ్రికా పొద ఆ నమ్మకాన్ని మేడ మీద నిలబెట్టి మరీ కడిగేస్తుంది. ఆత్రం ఎక్కువగా ఉన్నవాళ్లెవరైనా ఏం అలవాటు చేసుకోమంటారని అడిగితే, ధ్యానం కంటే ముందు ఈ మొక్కనే పెంచి చూడమంటాను.

ముందు మొక్క సంగతి. ఘనా, బెనిన్, నైజీరియా, కామెరూన్ వైపు తేమ నిండిన అడవులు దీని పుట్టిల్లు. శాస్త్రనామం సిన్సెపాలం డల్సిఫికం. చుట్టరికం వెతికితే మనకు దగ్గరిదే. సపోటా, విప్ప, పాల, గుళ్లలో వాసనలు గుప్పించే పొగడ, అన్నీ ఆ కుటుంబమే. సొంత గడ్డ మీద ఒక్కోసారి చిన్న చెట్టంత అవుతుంది గానీ, కుండీలో మనిషి భుజం దాకా రావడానికే ఏళ్లు పడుతుంది. పండు ఎర్రగా, వాక్కాయ అంత ఉంటుంది. దానికంటూ పెద్ద రుచేమీ లేదు. గింజ చుట్టూ ఉన్న పల్చటి గుజ్జును నాలుకంతా తిప్పి, ఆ తర్వాత నిమ్మబద్ద కొరికారనుకోండి, తియ్యగా తగులుతుంది. అరగంట మొదలు గంటకు పైగా ఆ మాయ నిలుస్తుంది. అక్కడి జనం పుల్లటి తిండికి ముందు దీన్ని నమలడం చూసి 1725లోనే షెవాలియే దె మార్షే అనే ఫ్రెంచి యాత్రికుడు రాసుకున్నాడు.

1968లో కెంజో కురిహర, లాయిడ్ బైడ్లర్ అనే శాస్త్రవేత్తలు ఈ మాయ చేసే ప్రొటీన్‌ను విడదీసి చూపించారు. దాని పేరు మిరాక్యులిన్. అది నాలుక మీద తీపిని గుర్తుపట్టే గ్రాహకాలకు అంటుకుని ఊరకే కూర్చుంటుంది. పులుపు తగిలినప్పుడే వాటిని తట్టి లేపుతుంది. నిమ్మకాయలో పులుపు మాత్రం వీసమెత్తు తగ్గదు. (ఈ ముక్క వ్యక్తిత్వ వికాస వేదికలు ఎక్కిందంటే "దృక్పథం మార్చుకుంటే జీవితమంతా తీపే" అని మూడు గంటలు దంచేస్తారు. నేను ఆ జోలికి పోను. నాలుక మోసపోయినా పొట్టలోకి వెళ్లేది పులుపే. తీపిగా ఉంది కదా అని అరడజను నిమ్మకాయలు పిండుకున్నవాళ్లకు ఆ రాత్రి కడుపులో మంట చెప్తుంది అసలు సంగతి.)

ఇక మట్టి సంగతి. మా తెనాలి చుట్టూ ఉన్నది కృష్ణమ్మ తెచ్చి పోసిన నల్లమట్టి. మినుముకూ పసుపుకూ అరటికీ బంగారం. ఈ మొక్కకు మాత్రం అందులో ఊపిరాడదు. దీనికి కావలసిన పీహెచ్ 4.5 నుంచి 5.8. నల్లమట్టిలో మామూలుగా 7.5 పైనే ఉంటుంది, 8 దాటడమూ కొత్త కాదు. చూడ్డానికి తేడా మూడే గానీ, ఈ కొలతలో ఒక్కో అంకె పెరిగితే ఆమ్లత్వం పదో వంతుకు పడిపోతుంది. అంటే 5కూ 8కీ మధ్య వెయ్యి రెట్ల వ్యత్యాసం. అలాంటి మట్టిలో ఇనుము లేక కాదు, బోలెడుంటుంది. వేరు తీసుకోగలిగే రూపంలో ఉండదు. దాంతో కొత్తాకు వెలవెలబోతుంది. ఈనెలు మాత్రం పచ్చ సిరాతో గీసినట్టు నిలబడతాయి.

ఇక్కడ కావలసింది చూపు. నత్రజని చాలనప్పుడు ముందు పసుపు తిరిగేది కింది ముదురాకు. మొక్క దాన్లోంచి నత్రజని లాగి పై చిగురుకు పంపుకుంటుంది, అచ్చం ఇంటి పెద్దలు తమ కంచంలోది పిల్లలకు తీసిపెట్టినట్టు. ఇనుము అందనప్పుడు ముందు పసుపు తిరిగేది చిగురే. ఇనుమును ముదురాకు నుంచి మోసుకొచ్చే వీలు మొక్కకు లేదు. కాబట్టి కుండీ ముందు గొంతుక్కూర్చుని, పసుపు కింద ఉందా పైన ఉందా అని చూస్తే చాలు. అరనిమిషం పని. ఆ అరనిమిషానికి తీరిక లేనివాళ్లే యూరియా సంచి మూతి విప్పుతారు.

ఇదే చూపు ఇంట్లోనూ కావాలి. పదో తరగతి పిల్లవాడికి లెక్కల్లో మార్కులు తగ్గాయనుకుందాం. మనిళ్లలో జరిగేది తెలిసిందే, ఇంకో ట్యూషను. పొద్దున అయిదింటికి ఒకటి, రాత్రి తొమ్మిదింటి దాకా ఇంకొకటి. ఆ జవాబు పత్రం తీసి అమ్మానాన్నల్లో ఒక్కరైనా తిరగేశారా? పాత పాఠాల లెక్కలూ తప్పాడా, ఈ ఏడు కొత్తగా చెప్పినవే తప్పాడా? పాతవి కూడా పోయాయంటే పునాది చూసుకోవాలి. ఇంట్లో పుస్తకం చూసి బాగానే చేస్తూ, బోర్డు మీద చెప్పినవి మాత్రం వదిలేస్తున్నాడంటే వాడికి ముందు కావలసింది కళ్లద్దాలు. ట్యూషను ఫీజులో ఎన్నో వంతుకు అవి వస్తాయో మీరే లెక్కేసుకోండి. కొత్తగా చేరిన గుమాస్తా తప్పుల మీద తప్పులు చేస్తున్నాడని రోజూ గంట ఉపన్యాసం ఇచ్చే యజమానికీ ఇదే మాట. ముందు ఒక పూట వాడి పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి. నోరు విప్పకుండా.

నీళ్ల దగ్గరికొద్దాం. మీ కుండీల అంచున, అడుగు రంధ్రం దగ్గర తెల్లటి పొర కట్టిందేమో చూడండి. గోటితో గీకితే పిండిలా రాలుతుంది. బోరు నీళ్లలోని లవణాలవి. మట్టినెంత జాగ్రత్తగా కలిపినా, ఆ నీళ్లే పోస్తూ పోతే కొన్నాళ్లకు పీహెచ్ మళ్లీ పైకి పాకుతుంది. సముద్రం దగ్గరవుతున్న కొద్దీ, అంటే రేపల్లె, బాపట్ల వైపు వెళ్తున్న కొద్దీ ఉప్పు బెడద ఎక్కువ. మేడ మీద పడ్డ వాననీటిని డ్రమ్ముల్లో పట్టుకోవడం అన్నిటికంటే మేలు. ఊళ్లోంచి పారే కాలువ నీళ్లు బోరు కంటే నయం గానీ, ఎండాకాలం కాలువలు కట్టేస్తారు. ఆ లోపే డ్రమ్ము నిండాలి.

ఉప్పుతో కాపరం బాపట్ల ఇసుక నేలల వాళ్లకు కొత్త కాదు. అక్కడ లోతున ఉప్పునీరు, దాని మీద తేలుతూ వాన ఇచ్చిన మంచినీటి పొర. దొరువు అనే లోతు తక్కువ గుంట తవ్వుకుని పైనీటిని నిదానంగా తోడుకోవాలి. ఆశకొద్దీ బోరు దించి గట్టిగా లాగితే కిందున్న ఉప్పు పైకి ఎగబాకుతుంది, ఉన్న మంచినీళ్లూ పాడవుతాయి. బాపట్లలోని ఉప్పునీటి పరిశోధన కేంద్రం వాళ్లు ఈ పాత దొరువునే మెరుగుపరిచారు. తక్కువ లోతులో రంధ్రాల గొట్టాలు అడ్డంగా పరిచి, పైపొర నీరే వాటిలోకి ఊరి, మధ్యనున్న బావిలో చేరేలా చేశారు. అందులో లాగే జోరు తగ్గించడమే అసలు కిటుకు. ఇంజనీరింగ్ అంటే బలం పెంచడమే అనుకునేవాళ్లు ఒకసారి వెళ్లి చూడదగ్గ పని అది.

ఇంకో జబ్బుంది మనకు. ఆకు పాలిపోయిందని కంగారుపడి, ఒకే ఆదివారం మట్టి మార్చి, మందు కొట్టి, కుండీని నీడకు జరిపి, వేపపిండి కూడా వేసేస్తాం. మొక్క బతికితే ఎందుకు బతికిందో తెలియదు, చస్తే ఎందుకు చచ్చిందో తెలియదు. ఒకసారికి ఒకే మార్పు చెయ్యండి. పాల లెక్క రాసుకునే క్యాలెండరు మీదే ఆ తేదీ దగ్గర ఒక ముక్క రాయండి. వేరుశనగకూ వరి నారుమడికీ ఇనుపధాతు లోపానికి వాడే అన్నభేది, నిమ్మ ఉప్పు ద్రావణమే దీనికీ పనికొస్తుంది గానీ, చేను మోతాదులో సగానికి తగ్గించి, ముందు ఒక్క కొమ్మ మీద చల్లండి. పాలిపోయిన ఆకు మళ్లీ పచ్చబడుతుందేమోనని రోజూ కాపలా కాయొద్దు. తర్వాత వచ్చే చిగురు చూసి తీర్పు చెప్పండి. ఉద్యోగం, డైటు, వ్యాయామం, నిద్ర అన్నీ ఒక్క ఉగాదికే మార్చేసి, సంక్రాంతి ముందే పాత దారికొచ్చేసేవాళ్లకు ఈ క్యాలెండరు పద్ధతి మరీ పనికొస్తుంది.

ఆఫ్రికా మొక్క కదా, ఎండకు తట్టుకుంటుందిలే అని పిట్టగోడ పక్కన పెట్టేవాళ్లున్నారు. ఆ మాట అడీనియానికి చెల్లుతుంది. అదీ ఆఫ్రికాదే, బొద్దు కాండంలో నీరు దాచుకునే ఎడారి మొక్క. ఎండ ఎంత కాస్తే అంత పూస్తుంది, నీళ్లు ఎక్కువైతే కుళ్లుతుంది. మిరాకిల్ ఫ్రూట్ అడవి నీడలో, గాలిలో తేమ మధ్య బతికింది. మే నెల ఎండలో మేడ మీద గ్రీన్ నెట్ లేకపోతే రెండు రోజుల్లో ఆకులు కమిలిపోతాయి. ఖండం పేరు చూసి రెంటికీ ఒకే పోషణ చేస్తే రెండింట్లో ఒకటి పోవడం ఖాయం. ఊరి పేరు, కులం పేరు, కాలేజీ పేరు వినగానే ఎదుటి మనిషికి ఏం కావాలో తేల్చేసే పెద్దమనుషులు ఈ రెండు కుండీలూ పక్కపక్కన పెట్టుకోవాలి.

పెంచుదామని నిశ్చయించుకుంటే ఇది చాలు. కొబ్బరి పొట్టును రెండు మూడు సార్లు నానబెట్టి పిండి ఉప్పు పోగొట్టండి. అది రెండు పాళ్లు, బాగా చివికిన ఆకుఎరువు ఒక పాలు, గరుకు ఇసుక ఒక పాలు. పీహెచ్ చూసే కాగితం పట్టీలు అక్వేరియం దుకాణాల్లో అడగండి. ప్రేమకొద్దీ గుడ్డు పెంకులు, కట్టెల బూడిద వెయ్యొద్దు. వేరే మొక్కలకు మంచివే గానీ, రెండూ పీహెచ్‌ను పైకి నెట్టేవే. నీళ్లకు వేళలు పెట్టుకోకండి. వేలు రెండో కణుపు దాకా దించి, తడి తగలకపోతేనే పొయ్యండి. వాడిన ఆకు దాహాన్నే చెప్తుందనుకోవద్దు, వేరు కుళ్లినా అలాగే వాలుతుంది. గింజ నాటి పెంచితే కాపుకు మూడు నాలుగేళ్లు. మొదటి ఏడు జానెడు కూడా ఎదగకపోవచ్చు. ఏ రోజుకారోజు ఎదుగుదల కొలుచుకునేవాళ్లకు ఆ ఏడాది పెద్ద పరీక్షే.

పండ్లొచ్చాక కాఫీ తాగిన వెంటనే తినకండి, తిన్న వెంటనే వేడి కాఫీ తాగకండి. ఆ ప్రొటీన్ వేడికి చెడిపోతుంది. ఉసిరి, చింతకాయ, పుల్ల మామిడి ముక్క, ఏదైనా కొద్దిగా రుచి చూడండి. గింజను మాత్రం రేపు చూద్దామని కిటికీలో పెట్టొద్దు. ఎండితే మొలవదు. గుజ్జు కడిగేసి ఆ పూటే నాటాలి. మొలిచిన మొక్కలు పంచాలనిపిస్తే, తీసుకెళ్లేవాళ్లను ముందు ఒక్కటే అడగండి: మీ ఇంట్లో నీళ్లు బోరువా, కాలువవా? బోరువే అయితే మొక్కతో పాటు ఒక ఖాళీ డ్రమ్ము కూడా పంపండి.