అరచేతులకు కరెంటు పెట్టే ముందు

కిరణ్,

నువ్వు పంపిన వీడియో చూశాను. రెండు అల్యూమినియం ట్రేలు, ఓ పాత ల్యాప్‌టాప్ ఛార్జరు, నాలుగు క్లిప్పులు. మీ రూమ్మేటుది ఈసీఈ కాబట్టి వైర్ల సంగతి వాడు చూసుకుంటాడనీ, ఆదివారం మొదలుపెడతామనీ రాశావు. వద్దురా నాయనా. వైద్యాన్ని వద్దనడం లేదు, ఆ ఛార్జరుని వద్దంటున్నాను. ఫిజియోథెరపీ విభాగంలో ఉన్నన్నాళ్లూ నీళ్లలో చేతులు పెట్టించి సన్నటి కరెంటు పంపే ఈ అయాంటోఫొరెసిస్ ఎంతమందికో నా చేత్తోనే ఇచ్చాను. అరచేతుల చెమటకి ఇంత నమ్మకంగా పనిచేసేవి తక్కువ. ఇదేమీ నిన్నా మొన్నా వచ్చింది కూడా కాదు. 1968లోనే లెవిట్ అనే డాక్టరు దీనికో చిన్న పరికరం సరిపోతుందని అమెరికా చర్మ వైద్య పత్రికలో రాశాడు.

నీ ఇబ్బంది నాకు తెలియనిది కాదు. పరీక్షల్లో చేతి కింద కర్చీఫ్ వేసుకుని రాసేవాడివి. ఓఎంఆర్ షీటు తడిసి గళ్లు అలుక్కుపోతాయని నీకెప్పుడూ దిగులే. ఇప్పుడు కాలేజీలో వేలిముద్ర మిషను నిన్ను గుర్తుపట్టక హాజరు పోతోందని మీ అమ్మ చెప్పింది. 'వాడికి భయం ఎక్కువ, అందుకే చెమట' అని మీ బాబాయి అనే మాట పట్టించుకోకు. చెమట గ్రంథులకి వెళ్లే నరాలు అవసరానికి మించి హుషారుగా ఉండటమే దీనికి కారణం. కంగారుపడితే ఎక్కువవుతుంది, నిజమే. అంతమాత్రాన కంగారే జబ్బు కాదు. మీ తాతయ్యకీ ఉండేది. ఇలా వంశంలో కనబడటం మామూలే.

ముందు ఒక్కసారి చర్మ వైద్యుడికి చూపించుకో. చిన్నప్పటినుంచీ రెండు చేతులకీ సమానంగా పడుతూ, నిద్రలో ఆగిపోయే చెమట అయితే పెద్దగా ఆలోచించాల్సింది లేదు. ఈమధ్యే మొదలైనా, ఒక పక్కే పడుతున్నా, రాత్రి పక్కబట్టలు తడుస్తున్నా, బరువు తగ్గుతున్నా సంగతి వేరు. థైరాయిడ్, షుగరు, కొన్ని మందులు కూడా చెమట పట్టిస్తాయి. వాటిని వదిలేసి చేతులకి కరెంటు పెడితే ఏం లాభం?

ఇంకోటి, ఇది నువ్వు మరిచిపోయి ఉంటావు. ఇంటర్‌లో బండి మీద నుంచి పడ్డప్పుడు నీ ఎడమ ముంజేతికి ప్లేటు వేశారు. తీయించినట్టు మీ అమ్మ నాకెప్పుడూ చెప్పలేదు. ఆ ప్లేటు ఇంకా లోపలే ఉంటే, ఎముకల డాక్టరు సరే అనేదాకా ఆ చేతిని నీళ్లలో పెట్టకు. కరెంటు వెళ్లే దారిలో లోహం ఉండకూడదు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, గర్భిణులు, మూర్ఛ ఉన్నవాళ్లు, గుండె లయ తప్పేవాళ్లు ఈ వైద్యం జోలికే రాకూడదు. హాస్టల్లో ఎవరైనా 'నేనూ ఓసారి పెట్టి చూస్తా' అంటే ఇవి అడక్కుండా ఒప్పుకోకు.

ఇక ఛార్జరు. గోడ ప్లగ్గులో ఉండేది 230 వోల్టులు. ఛార్జరు దాన్ని తగ్గించి ఇస్తుంది. పాతబడి లోపల ఇన్సులేషన్ దెబ్బతిందంటే ఆ 230 తగ్గకుండానే ట్రేలోకి దిగుతుంది. ఒక చేతిలో ఎక్కిన కరెంటు రెండో చేతిలోంచి దిగాలంటే ఛాతీ మీదుగానే పోవాలి, గుండె ఉన్నది ఆ దారిలోనే. పైగా నీళ్లలో నానిన చర్మం కరెంటుని పొడి చర్మంలా అడ్డుకోదు. వైద్యానికని చేసిన మిషన్లో కరెంటు మిల్లీ ఆంపియర్ల దగ్గరే ఆగేలా కట్టడి ఉంటుంది. గోడ కరెంటుకీ మనిషికీ మధ్య గట్టి అడ్డు ఉంటుంది, లేదంటే బ్యాటరీ మీద నడుస్తుంది. ఛార్జరుకి అదేం తెలుసు? అవతల ఉన్నది ల్యాప్‌టాపో నీ చెయ్యో దానికి ఒకటే.

బ్యాటరీలు వరసగా కలిపితే ఏ గొడవా లేదు కదా అంటాడేమో మీ వాడు. ఉంది. ఒకే దిక్కుకి పారే కరెంటు నీళ్లలో పనిచేస్తే ఒక లోహపు పలక దగ్గర ఆమ్లం, ఇంకో పలక దగ్గర క్షారం పుడతాయి. చర్మం ఆ లోహానికి నేరుగా తగిలిందా, కాలుతుంది. కాలుతున్నప్పుడు పెద్దగా నొప్పి తెలియకపోవచ్చు కూడా. అందుకే అసలు మిషన్లలో పలక మీద తువ్వాలు గుడ్డో ప్లాస్టిక్ జాలీయో వేస్తారు. అది చినిగితే ఆ రోజుకి మిషను పక్కన పెట్టాల్సిందే.

ముందు ఏదైనా ఆసుపత్రిలో, చర్మ విభాగంలోనో ఫిజియోథెరపీలోనో, కొన్నిసార్లు చేయించుకో. ఎంత కరెంటు నీకు ఓర్చుకోదగ్గదో అక్కడే తెలిసిపోతుంది. పని చేస్తుందనుకున్నాకే మిషను కొను. తయారుచేసిన కంపెనీ పేరు, బిల్లు, వారంటీ, కరెంటు ఎంతో చూపించే అంకెలు ఉండాలి. ఇవి లేనిది ఎంత చవగ్గా వచ్చినా కొనొద్దు.

చేసుకునే పద్ధతి చెబుతాను. మిషనుతో వచ్చిన పుస్తకంలో వేరేగా ఉంటే దాని మాటే విను. ఉంగరం, వాచీ, చేతికున్న రాగి కడియం అన్నీ తీసెయ్. గోటి పక్క చీలికలకీ, గీతలకీ వ్యాజిలిన్ రాయి. రాయకపోతే కరెంటు అంతా అక్కడికే వెళ్లి సూదిలా గుచ్చుతుంది. ట్రేలో మామూలు కుళాయి నీళ్లు, గోరువెచ్చగా ఉంటే హాయి. అరచెయ్యి మునిగితే చాలు, చేతి వెనక భాగం తడవాల్సిన పని లేదు. హాస్టల్లో ఆర్‌ఓ నీళ్లు పోశావనుకో, వాటిలో లవణాలు దాదాపు ఉండవు కాబట్టి కరెంటు సరిగా పారదు, మిషను చెడిపోయిందనుకుంటావు. బోరు నీళ్లు చక్కగా పనికొస్తాయి. గత్యంతరం లేకపోతే చిటికెడు వంటసోడా కలుపు.

రెండు చేతులూ పెట్టాకే కరెంటు మెల్లగా పెంచాలి. మిషను తనంతట తాను పెంచేదైతే సరే, లేకపోతే మీట తిప్పడానికి పక్కన మనిషి కావాలి. మొదట్లో ఎలాగూ ఒంటరిగా చేసుకోకు. చీమలు పాకినట్టు ఉంటుంది, నీటి అంచు చర్మాన్ని తాకే చోట ఇంకాస్త చురుక్కుమంటుంది. అంతవరకూ ఫరవాలేదు. మంట పుడితే తగ్గించు. అరచేతులకి 15 నుంచి 20 మిల్లీ ఆంపియర్ల దాకా వెళ్తారు, మొదటిరోజే అక్కడికి చేరాలని పంతం పెట్టుకోకు. ఒక్కోసారి 20 నుంచి 30 నిమిషాలు. సగంలో కరెంటు సున్నాకి దించి దిక్కు మార్చాలి, రెండు చేతులకీ సమంగా అందడానికి.

అన్నిటికంటే ముఖ్యం, కరెంటు పారుతుండగా చెయ్యి పైకి లాగకూడదు. లాగితే దారి టక్కున తెగి ఒళ్లు ఝల్లుమంటుంది. ముక్కు ముందే గోక్కో, ఫోను సైలెంట్‌లో పెట్టి అవతల గదిలో పడెయ్. మా దగ్గరికి వచ్చినవాళ్లు ఉలిక్కిపడింది చాలావరకు ఫోను మోగినప్పుడే. అయిపోయాక కరెంటు సున్నాకి వచ్చిందని చూసుకుని అప్పుడు తియ్యి.

మొదట్లో వారానికి మూడుసార్లు. వారం తిరక్కుండానే 'ఏమీ తేడా లేదు' అని మెసేజ్ పెడతావు, నాకు తెలుసు. చాలామందికి రెండు మూడు వారాలు దాటాకే చేతులు ఆరడం మొదలవుతుంది. ఆరాక మానేస్తే కొన్ని వారాల్లో చెమట తిరిగి వస్తుంది. కాబట్టి వారానికి ఒకసారో, రెండు వారాలకొకసారో కొనసాగించాలి. ఎంత ఎడం ఇవ్వచ్చో నీ చేతులే చెబుతాయి. ఎర్రబడటం, పొడిబారటం, సన్నటి పొక్కులు మామూలే, రాత్రి మాయిశ్చరైజర్ రాసుకో. పొక్కులు పెద్దవైనా, తిమ్మిరి దిగకపోయినా ఆపేసి డాక్టరుకి చూపించు.

దీనికంటే ముందు రాత్రిపూట పొడి చేతులకి రాసుకునే అల్యూమినియం క్లోరైడ్ మందు వాడి చూడమని డాక్టరు అంటే, అలాగే వాడి చూడు. చెమట తగ్గించే మాత్రలూ ఉన్నాయి గానీ అవి నోరు ఎండగొడతాయి. చెమట నరాన్ని కోసే ఆపరేషన్‌కి మాత్రం తొందరపడకు. చేతులు ఆరతాయి గానీ వీపు, పొట్ట, తొడలు తడిసిపోయే ప్రమాదం ఉంది, నరం కోశాక వెనక్కి తెచ్చుకోవడం దాదాపు కుదరదు. నీ వయసువాడికి అది ఆఖరి మాట.

మిషనుకి డబ్బు తక్కువైతే నేనిస్తాను, మీ నాన్నని అడగక్కర్లేదు. ఈ వారంలోనే డాక్టరు దగ్గరికి వెళ్లు. థైరాయిడ్ రిపోర్టూ, ఆ ఎడమ చేతి ఎక్స్‌రే ఫొటో రాగానే నాకు పంపు.

మీ పెద్దమ్మ