పాత హోమ్ థియేటర్‌కి రాస్ప్‌బెర్రీ పై: నెట్ లేకపోయినా పాడే మ్యూజిక్ స్ట్రీమర్

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వైజాగ్ దగ్గర తీరం దాటింది. ఆ తర్వాత రోజుల తరబడి నగరంలో కరెంటూ లేదు, సరిగా సిగ్నలూ లేదు. ఇప్పుడు మన పాటలన్నీ యాప్‌లలోనే ఉన్నాయి. నెట్ పోతే, సబ్‌స్క్రిప్షన్ అయిపోతే, లైసెన్స్ తీరి ఆల్బమ్‌ని యాప్ తీసేస్తే మన దగ్గర మిగిలేది ఏంటి? అందుకే పాటలు మన ఇంట్లోనే ఉండే స్ట్రీమర్ ఒకటి తయారు చేద్దాం.

ఏం కావాలి?

బోర్డ్: రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ చాలు. 2021లో 15 డాలర్ల ధరతో వచ్చింది. నాలుగు కోర్‌ల ప్రాసెసర్, 512 ఎంబీ ర్యామ్. వైఫై 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే, కాబట్టి రౌటర్‌లో ఆ బ్యాండ్ ఆన్‌లో ఉండాలి. పిన్‌లు ముందే సోల్డర్ చేసిన బోర్డ్ తీసుకుంటే పని తేలిక.

డాక్: జీరో 2 డబ్ల్యూకి హెడ్‌ఫోన్ జాక్ లేదు. పై 3, పై 4లలో జాక్ ఉంది కానీ, దాని వెనక అసలైన డాక్ చిప్ లేదు. పల్స్ విడ్త్ మాడ్యులేషన్‌తో సౌండ్ తీస్తారు కాబట్టి క్వాలిటీ అంతంతమాత్రమే. పీసీఎం5102ఏ చిప్ ఉన్న డాక్ హ్యాట్ తీసుకుని 40 పిన్‌ల మీద గుచ్చేయండి. డాక్ నుంచి వచ్చేది లైన్ లెవెల్ సిగ్నల్. దాన్ని ఆంప్లిఫయర్ లేదా హోమ్ థియేటర్ ఆక్స్‌కి ఇవ్వాలి, నేరుగా స్పీకర్‌కి కాదు.

మిగతావి: మంచి మైక్రో ఎస్‌డీ కార్డ్, 5 వోల్ట్ 2.5 ఆంప్ అడాప్టర్, ఓటీజీ కేబుల్, పెన్ డ్రైవ్.

సెటప్

1. మూడ్ ఆడియో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ని రాస్ప్‌బెర్రీ పై ఇమేజర్‌తో కార్డ్‌లోకి రాయండి. ఇంటి వైఫై పేరు, పాస్‌వర్డ్ అప్పుడే ఇచ్చేయండి.

2. కార్డ్ పెట్టి పవర్ ఇవ్వండి. కొన్ని నిమిషాలాగి ఫోన్ బ్రౌజర్‌లో మూడ్ డాట్ లోకల్ అని ఇంగ్లిష్‌లో కొడితే ప్లేయర్ తెరుచుకుంటుంది.

3. ఆడియో సెట్టింగ్స్‌లో ఐ2ఎస్ డివైజ్‌గా హైఫైబెర్రీ డాక్ ఎంచుకుని రీస్టార్ట్ చేయండి.

4. పాటలున్న పెన్ డ్రైవ్ పెట్టి లైబ్రరీ అప్‌డేట్ నొక్కండి.

ఇక ఫోన్ రిమోట్ మాత్రమే. కాల్ వచ్చినా, ఫోన్ బయటికి తీసుకెళ్లినా పాట ఆగదు. బ్లూటూత్ స్పీకర్‌కీ దీనికీ అసలు తేడా ఇదే. ఎయిర్‌ప్లే, స్పాటిఫై కనెక్ట్ కూడా ఆన్ చేసుకోవచ్చు. స్పాటిఫైకి మాత్రం ప్రీమియం కావాలి.

ఎన్ని పాటలు పడతాయి?

సీడీ క్వాలిటీ అంటే సెకనుకి 44,100 శాంపిల్స్, 16 బిట్‌లు, రెండు ఛానెల్స్. మూడూ గుణిస్తే సెకనుకి సుమారు 1,411 కిలోబిట్‌లు. ఐదు నిమిషాల పాటకి 53 ఎంబీ. ఫ్లాక్‌లోకి మారిస్తే క్వాలిటీ ఏమాత్రం తగ్గకుండా దాదాపు 30 ఎంబీకి దిగుతుంది. అంటే 64 జీబీ డ్రైవ్‌లో సుమారు 2,000 పాటలు. ఇంట్లో నాన్నగారి పాత సీడీలుంటే ముందు వాటితోనే మొదలుపెట్టండి.

మన ఊళ్లో జాగ్రత్తలు

బీచ్ రోడ్ వైపు ఇళ్లలో ఉప్పుగాలికి పిన్‌లు తుప్పు పడతాయి, బోర్డ్‌ని కేస్‌లో పెట్టండి. ఎస్‌డీ కార్డ్‌లో ఏదో రాస్తుండగా కరెంట్ పోతే ఫైల్స్ పాడవ్వొచ్చు. అందుకే మెనూలో షట్‌డౌన్ చేశాకే ప్లగ్ తీయండి, సెటప్ అయిన కార్డ్‌కి ఒక కాపీ పీసీలో దాచుకోండి. పాటల డ్రైవ్‌కి కూడా ఇంకో కాపీ ఉండాలి.

చివరగా ఒక టెస్ట్. రౌటర్ ఆఫ్ చేసి బోర్డ్‌ని పవర్ బ్యాంక్‌తో ఆన్ చేయండి. తెలిసిన వైఫై దొరక్కపోతే మూడ్ తనే హాట్‌స్పాట్ అవుతుంది. ఫోన్‌ని దానికి కనెక్ట్ చేసి, ఆక్స్ ఉన్న చిన్న బ్యాటరీ స్పీకర్‌లో పాట పెట్టండి. అది వినిపించిందంటే, ఈసారి తుఫానుకి నెట్ పోయినా మీ ఇంట్లో పాట ఆగదు.