ఒక ఫుట్‌బాల్ ఛానలు ఉత్థాన పతనములు

2004లో క్రికెట్టు ప్రసార హక్కుల కొరకు జీ సంస్థ వేసిన టెండరు న్యాయస్థానమునకెక్కి, చివరకు చేజారినది. మరుసటి ఏడే ఆ సంస్థ జీ స్పోర్ట్స్ అను ఛానలును నెలకొల్పి, అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యతో పదేండ్ల ఒడంబడిక చేసికొన్నది. పేరుకు అది అన్ని ఆటల ఛానలే గాని, దాని ప్రధానమైన సరుకు స్వదేశీ ఫుట్‌బాల్. మన దేశపు లీగు పోటీలకు అంతటి ఆదరణ అంతకుముందు దక్కలేదనియే చెప్పవచ్చును.

పదేండ్ల పొత్తు ఐదేండ్లకే చెడినది. ప్రసారములు చాలినంతగా లేవని సమాఖ్య నొచ్చుకొన్నది. 2010లో ఒడంబడిక రద్దయినది. ఆ ఏడే ఛానలు పేరు సైతము మారి టెన్ యాక్షన్ ప్లస్ అయినది. అటుపిమ్మట అందు యూరపు ఆటలకే పెద్దపీట. 2016లో టెన్ ఛానళ్ళన్నిటిని సోనీ సంస్థ కొనుటకు ఒప్పందము కుదిరినది. పిమ్మట ఆ పేరు కూడ పోయినది.

మన ప్రజలకు ఫుట్‌బాల్ అభిరుచి లేదు కనుక ఇట్లయినదని కొందరందురు. ఈ వాదము మాకు రుచింపదు. టెలివిజన్ లేని దినములలోనే హైదరాబాదు సిటీ పోలీసు జట్టు బొంబాయి రోవర్స్ కప్పును 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుమార్లు గెలిచినది. దానికి శిక్షణ గరపిన సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబు వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. (అధ్యాపకులమగు మాకు ఇది కొంత గర్వకారణమే.) 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానము, 1962 జకార్తా ఆసియా క్రీడలలో దక్షిణ కొరియాపై 2-1 విజయముతో స్వర్ణము ఆయన నేర్పరితనమున వచ్చినవే. ఆ మరుసటి ఏడు జూన్‌లో ఆయన కన్నుమూసిరి.

కారణము లెక్కలలో ఉన్నది. ఛానలుకు రాబడి చందాల వలన, వ్యాపార ప్రకటనల వలన. క్రికెట్టులో ఆరు బంతులకొకసారి విరామము. ఒక దినపు ఆటలో ప్రకటనలకు నూరు చోట్లు దొరకును. ఫుట్‌బాల్‌లో నలుబదియైదు నిమిషములు ఆట ఆగదు. నడుమ పదునైదు నిమిషముల విరామమే వ్యాపారికి మిగులును. పైగా విదేశీ పోటీకి హక్కు కొన్నచో చిత్రము సిద్ధముగా అందును. స్వదేశీ పోటీకి కెమెరాలు, వాహనము, సిబ్బంది అన్నియు తామే సమకూర్చుకొనవలెను. ఖర్చు ఇక్కడ, ఆకర్షణ అక్కడ! ఇంగ్లండులో సైతము ఐటీవీ డిజిటల్ సంస్థ మూడేండ్లకు 31.5 కోట్ల పౌండ్లు ఇచ్చెదనని ఫుట్‌బాల్ లీగుకు మాట ఇచ్చి, మొదటి ఏడు ముగియకయే 2002లో కూలినది. ఆ సొమ్మును నమ్ముకొన్న చిన్న క్లబ్బులు అప్పులపాలైనవి.

మరియొక సంగతి విద్యార్థులు గమనింపవలెను. 2007లో ఐ-లీగు ఆరంభమైనప్పుడు ఆడిన పది జట్లలో తెలుగునాటి జట్టు ఒక్కటియు లేదు. చందర్లపాడులో తెర ముందు కూర్చున్న బాలునికి గోవా, కలకత్తా జట్లలో తనవాడెవడు? రహీం సాహెబు నగరమే ఆ పట్టికలో లేనప్పుడు, ఆ ఛానలుకు మన ఇండ్లలో చోటెట్లు దొరకును? మా దృష్టిలో లెక్కల లోటుకన్న ఇది పెద్ద లోటు.

తరువాత 2019లో హైదరాబాదు ఎఫ్‌సీ పుట్టినది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్సును పెనాల్టీలలో ఓడించి ఇండియన్ సూపర్ లీగు ట్రోఫీని గెలిచినది. 2025లో ఆ జట్టు చేతులు మారి, ఢిల్లీకి తరలి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయినది. 2021-22లో ఐ-లీగున అడుగిడిన శ్రీనిధి డెక్కన్ మాత్రము హైదరాబాదును నెలవు చేసికొని, 2022-23, 2023-24 పోటీలలో వరుసగా ద్వితీయ స్థానమున నిలిచినది.