సబ్సిడీ బర్రె – వట్టినెలల లెక్క

పాడి పశువులకు ప్రభుత్వం సబ్సిడీ మంజూరు చేసిందనగానే సంఘం ఆఫీసు ముందు జనం చేరుతారు. "నా పేరు రాయుండ్రి సారూ" అనేవారే గాని, బర్రె వట్టిపోయిన నెలల్లో వాయిదా ఎట్లా కట్టాలని అడిగేవారు కనబడరు. ఈ పాఠం ఆ లెక్క గురించే.

మన పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలకు సబ్సిడీ కొత్త కాదు. 1980 అక్టోబరు 2 నుండి సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకం దేశంలోని అన్ని బ్లాకులకూ వచ్చింది. చిన్న రైతుకు ఖర్చులో 25 శాతం, సన్నకారు రైతుకు, కూలీకి మూడింట ఒక వంతు ఇచ్చేవారు. పరిమితి మామూలు బ్లాకుల్లో 3,000 రూపాయలు, కరువు పీడిత బ్లాకుల్లో 4,000. అందులో ఒక తెలివైన ఏర్పాటు ఉండేది: కుటుంబానికి రెండు పశువులు, మొదటిది ఇచ్చిన ఆరు నెలలకు రెండోది. ఒకటి వట్టిపోయే వేళకు ఇంకొకటి పాల మీద ఉండాలని. చాలా ఇండ్లకు ఆ రెండోది రానే లేదు. 1999లో ఆ పథకం వేరొక పథకంలో కలిసిపోయింది.

2018లో తెలంగాణ ప్రభుత్వం సహకార డెయిరీలకు పాలు పోసే రైతులకు 80,000 రూపాయల యూనిట్ మీద సగం, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి 75 శాతం సబ్సిడీ ప్రకటించింది. దేవరకొండ వైపు ఒక సభ్యురాలు తన వాటా 40,000 అప్పు తెచ్చి బర్రెను కట్టుకున్నది. ఎనిమిది నెలలు పాలు పోసింది. వట్టిపోయిన మూడో నెలలో బర్రెను సంతకు తోలింది. అప్పు మాత్రం ఇంట్లోనే ఉన్నది. ఆమె కాగితాలు తనిఖీ చేసి "సరిగా ఉన్నవి" అని సంతకం పెట్టినవాణ్ణి నేనే. పట్టా పాసుబుక్కు చూశాను, గడ్డివాము చూడలేదు.

ఇక లెక్క. ధరలు ఉదాహరణకు వేసినవి. మీ సంఘం ధరలతో మార్చుకోండి. బర్రె సగటున రోజుకు 5 లీటర్లు ఇస్తే, ఇంటికి ఒకటి పోను 4 లీటర్లు, లీటరు 50 చొప్పున 200 రూపాయలు. దాణా శరీర పోషణకు ఒక కిలో, ప్రతి రెండు లీటర్ల పాలకు ఒక కిలో. మొత్తం మూడున్నర కిలోలు, కిలో 30 చొప్పున 105. మిగులు 95. వడ్డీ పక్కన పెట్టినా 40,000 అప్పు 36 వాయిదాల్లో నెలకు 1,111, అంటే రోజుకు 37. మిగిలింది 58.

300 రోజులు పాలిచ్చి, నాలుగు నెలలు వట్టిగా ఉన్నదనుకుందాం. చూడి బర్రెకు రోజుకు రెండు కిలోల దాణా, 120 రోజులకు 7,200. నాలుగు వాయిదాలు 4,444. మొత్తం 11,644. ఇది పాలు పోసిన రోజుల్లోనే కూడబెట్టాలి: రోజుకు 39. అప్పుడు ఇంటికి మిగిలేది 19 రూపాయలు. లీటరుకు ప్రోత్సాహకం వస్తే అది అదనం, లెక్కలో వేయరాదు.

చొప్ప కొనవలసి వస్తే ఆ 19 కూడా ఉండదు. వెనుక మన చల్కల్లో జొన్న ఉండేది, ఏడాదంతా చొప్ప దొరికేది. ఇప్పుడు ఆ చేనులో పత్తి. పత్తి కట్టె పొయ్యిలోకే గాని బర్రె నోటికి రాదు. సబ్సిడీ బర్రెను కొనిపెడుతుంది, దానికి మేత పెట్టదు.

కాబట్టి పేరు రాసే ముందు కమిటీ సభ్యులిద్దరు ఆ ఇంటికి పోయి చూడాలి: బోరులో ఎండాకాలం నీళ్ళుంటాయా, పది గుంటలైనా పచ్చిగడ్డికి వదులుతారా, వామి ఎంత ఉన్నది. సభ్యుని ఇష్టం మీద, రాతపూర్వకంగా, ప్రతి పక్షం బిల్లులో 585 రూపాయలు వట్టినెలల పొదుపుగా పట్టుకోవచ్చు. ఇరవై బిల్లులకు 11,700 అవుతుంది. ఈ సొమ్మును పాత బాకీల కింద జమ కట్టరాదు. చెవి బిళ్ళ ఊడిపోతే ఆ రోజే బీమా వారికి తెలపాలి. రెండో బర్రె కోసం దరఖాస్తు ఏ నెలలో పెట్టాలో కూడా మొదటి తీర్మానంలోనే రాసుకోండి.